అక్రమ చవక

గుమ్మడితోట ఐదో గల్లీలో ఒక పెద్ద తప్పు జరుగుతోందని కనిపెట్టడానికి ప్రభుత్వానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ గల్లీలో అద్దెలు తక్కువ. భయమూ తక్కువే. ఈ రెండూ ఒకేచోట ఉండకూడదని అక్కడ కాపురాలు చేస్తున్నవాళ్లెవరికీ తెలియదు. తెలియకపోవడం వల్ల హాయిగా ఉన్నారు.

రుక్కుబాయి ఇంట్లో కింది వాటాలో హైమవతి ఉంటుంది. ఆమెది గోదావరి పక్క కడియం. భర్త సూర్యం రైల్వే కాంట్రాక్టు పనుల మీద నెలలో ముప్పాతిక భాగం ఊళ్లు తిరుగుతుంటాడు. ఆమె హైదరాబాదులో రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తూ, ఇంటర్ చదివే కూతురు ప్రణతితో సంసారం లాక్కొస్తోంది. నగరానికి వచ్చిన కొత్తలో ఒక మంచి కాలనీలో దిగారు. అక్కడ అద్దె కట్టాక కూరగాయల కోసం ఆలోచించాల్సి వచ్చేది. అక్కణ్ణుంచి చవకగా దొరికిన ఇంకో ఇంటికి మారారు. ఆ సందు చివర వైన్‌షాపు. కూతురు ట్యూషన్ నుంచి వచ్చేదాకా హైమవతి వాకిట్లో నిలబడి ఉండేది, కాళ్లు పీకేవి. మూడో ఇల్లు ఇది. ఇక్కడ ప్రణతి చీకటిపడ్డాక నడిచి వస్తుంటే, గల్లీ మొగలో ఖాజాభాయ్ బిర్యానీ బండి మొదలుకొని ఇంటి గడప దాకా, ఇంటికొకరు చొప్పున “ఏం బిడ్డా, లేటయింది?” అని అడుగుతారు. ప్రణతికి అది విసుగు. హైమవతికి అది నిద్ర.

ఆ రోజుల్లోనే నగర నివాస సమతుల్య సంస్థ అని ఒకటి పుట్టింది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు అందులో కూర్చుని దీర్ఘంగా ఆలోచించారు. నగరంలో అందరికీ చవకగా ఇళ్లివ్వడం జరిగే పని కాదు. అందరికీ భద్రత ఇవ్వడం అంతకన్నా కాదు. కనక ప్రతి కుటుంబానికీ రెండింట్లో ఏదో ఒకటి గ్యారంటీగా ఇవ్వాలని తీర్మానించారు. ఒక కుటుంబమే రెండూ అనుభవిస్తే, ఎక్కడో ఇంకో కుటుంబానికి రెండూ లేకుండా పోతాయని వాళ్ల లెక్క. దాని ప్రకారం ప్రతి వీధికీ ఒక శ్రేణి ఇచ్చారు. భద్రంగా ఉన్నది ఎ శ్రేణి, అక్కడ అద్దె ఎక్కువ ఉండి తీరాలి. ప్రమాదకరమైనది డి శ్రేణి, అక్కడ అద్దె తక్కువ ఉండి తీరాలి. శ్రేణికి తగ్గ అద్దె తీసుకోకుండా తక్కువ తీసుకునే ఇంటి ఓనర్ మీద ‘అక్రమ చవక’ అనే సెక్షన్ కింద చర్య ఉంటుంది.

ఐదో గల్లీకి శ్రేణి ఇవ్వడానికి సహాయ సమతుల్యాధికారి పరాంకుశం గారు స్కూటర్ మీద వచ్చారు. నున్నగా దువ్విన జుట్టు, చంకలో ట్యాబ్, ముఖంలో దేశం బరువు. బండి గల్లీ మొగలో ఆపి తాళంచెవి దానికే మరిచిపోయి లోపలికి నడిచారు. పది అడుగులు వేశారో లేదో ఖాజాభాయ్ వెనకాలే వచ్చి చెవి చేతిలో పెట్టాడు.

“బండికే ఉంచేసిన్రు సాబ్.”

పరాంకుశం గారు నిలబడిపోయి ట్యాబ్‌లో ఏదో ఎక్కించారు. అప్పుడే ల్యాబ్ నుంచి ఇంటికొస్తున్న హైమవతికి ఆయన పైకి చదువుకుంటున్నది వినబడింది. “నేరావకాశము, కలదు. వినియోగము, లేదు.”

ఆయన గల్లీ అంతా తిరిగారు. ఆరుబయట ఆరేసిన బట్టలు లెక్కపెట్టారు. తాళం వెయ్యని తలుపులు తోసి చూశారు. తోసిన ప్రతిచోటా లోపలినుంచి “ఎవరు కావాలె సార్?” అని అడిగారు, రెండుచోట్ల మంచినీళ్లిచ్చారు. చివరికి రుక్కుబాయి అరుగు మీద కూర్చున్నారు.

రుక్కుబాయికి డెబ్బై దాటాయి. భర్త సిటీ బస్సు నడిపి కట్టిన ఇల్లు అది. కింద ఒక వాటా, పైన ఒక వాటా అద్దెకిచ్చి, వీధి వైపు ఒక గదిలో తను ఉంటుంది.

“అమ్మా, తమరు వసూలు చేస్తున్న అద్దె సదరు వీధి భద్రతకు అనుగుణంగా లేదు” అన్నారు పరాంకుశం గారు. “ఇకమీదట దీనికి రెండింతల పైచిలుకు వసూలు చేయవలసి ఉంటుంది.”

“నా ఇల్లు, నా కిరాయి. నీకేంది సారూ కష్టం?”

“తమరు చేస్తున్నది దయ కిందికి వస్తుంది. అనుమతి లేని దయ శిక్షార్హము.”

రుక్కుబాయి హైమవతి వైపు చూసింది. “ఏమంటుండమ్మా గీన?”

“మీరు నా దగ్గర ఎక్కువ తీసుకోకపోతే మీకు జుల్మానా వేస్తారంటండి” అంది హైమవతి.

“ఎక్కువ దీసుకుంటె ఈ పిల్ల యాడ ఉంటది సారూ?”

“అది డి శ్రేణి వీధుల పరిధిలోని అంశము” అన్నారాయన మర్యాదగా, మంచినీళ్ల గ్లాసు తిరిగి ఇస్తూ.

*

అప్పీలు చేసుకోవచ్చని, గల్లీని ఎ శ్రేణిలో వేస్తూ వచ్చిన ఆర్డరులో కింద చిన్న అక్షరాల్లో ఉంది. హైమవతి ల్యాబ్‌లో సెలవు పెట్టి సమతుల్యం ఆఫీసుకు వెళ్లింది. పరాంకుశం గారు ఆమెను గుర్తుపట్టి కూర్చోమన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు తిట్టుకోవడానికైనా వీలుండేది.

“మా గల్లీకి మరీ అంత మంచి పేరొద్దండి. కాస్త తగ్గించి రాయండి” అంది.

“తగ్గించుటకు ఆధారము కావాలి. దొంగతనమో, దోపిడీయో, అల్లరియో జరిగినట్టు పోలీసువారి ధ్రువీకరణ తెండి.”

“జరగలేదండి మరి.”

“అదే సమస్య” అన్నారాయన నిజంగానే బాధపడుతూ. “ఏ ప్రయత్నమూ చేయకుండా శ్రేణి తగ్గించమంటే ఎలా?”

ఆమె పోలీస్‌స్టేషన్‌కి వెళ్లింది. ఎస్సై పాత రికార్డులు తిరగేయించాడు. ఐదో గల్లీ నుంచి వచ్చిన ఆఖరి ఫిర్యాదు ఒక కోకిల మీద. తెల్లారకముందే కూస్తోందని ఎవరో రాసిచ్చారు. కోకిల పరారీలో ఉందని కేసు మూసేశారు.

“ఇంకేమైనా జరిగితే రండమ్మా” అన్నాడు ఎస్సై, ఆశగా.

*

ఆ ఆదివారం గల్లీవాళ్లంతా విఠల్ మాస్టారి వరండాలో చేరారు. మాస్టారు గవర్నమెంటు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. గల్లీలో వయసుకీ మాటకీ పెద్ద. అద్దె రెండింతలైతే ఆయన పింఛనులో మందులకు మిగలదు. ఖాజాభాయ్‌కి బండి ఉంటుంది గాని ఇల్లుండదు. అందరి పరిస్థితీ అదే. ప్రమాదకరంగా మారడం తప్ప వేరే దారి లేదని ఏకగ్రీవంగా అనుకున్నారు.

మొదట వీధిదీపం తీసేద్దామన్నారు. ఖాజాభాయ్ నిచ్చెనేసుకుని బల్బు విప్పేశాడు. అంతకుముందు ఎన్ని అర్జీలు పెట్టినా కదలని కరెంటువాళ్లు, ఎ శ్రేణి వీధి అని తెలిసి మర్నాడే వచ్చి రెండు పెద్ద దీపాలు బిగించి పోయారు. ఇప్పుడు గల్లీలో చీమ నడిచినా నీడ పడుతోంది.

తరవాత విఠల్ మాస్టారు గల్లీ మొగలో గోడ మీద ఒక పుర్రె బొమ్మ వేశారు. భయపెట్టడానికే వేశారు గాని చెయ్యి అలవాటు మానలేదు. కళ్ల గుంటల్లో నీడలు, పళ్ల మీద మెరుపు అద్భుతంగా కుదిరాయి. పక్క బస్తీల నుంచి పిల్లలొచ్చి దాని ముందు ఫోటోలు దిగడం మొదలుపెట్టారు.

ఆఖరికి హైమవతే ‘ప్రత్యక్ష ప్రమాద పరిశీలన’కు దరఖాస్తు పెట్టింది. అంటే అధికారి వచ్చి నిలబడి, తన కళ్లతో ప్రమాదాన్ని చూసి వెళ్లాలి. పరాంకుశం గారు వచ్చేసరికి విఠల్ మాస్టారు, ఖాజాభాయ్ నడివీధిలో తగువుకు సిద్ధంగా ఉన్నారు. మాస్టారు జన్మలో ఎవరినీ తిట్టలేదు. చాలాసేపు గొంతు సవరించుకున్నారు.

“నీవు... నీవు పద్ధతి గల మనిషివి కావు” అన్నారు ఎట్టకేలకు.

“మీరు గూడ కాదు మాస్టర్ సాబ్. మాఫ్ చెయ్యున్రి” అన్నాడు ఖాజాభాయ్.

“పర్లేదు నాయనా.”

పరాంకుశం గారు రాసుకున్నారు. “వివాదము, సామరస్యపూర్వకము.”

ఇక హైమవతి తన ఆఖరి ఏర్పాటుకు సైగ చేసింది. ఆమె మెడలో రోల్డ్‌గోల్డ్ గొలుసుంది. సూర్యం ఆ వారం ఊళ్లోనే ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకుని వెనకనుంచి పరుగెత్తుకొచ్చి గొలుసు తెంపుకుపోవాలి. పెళ్లాం మెడలో గొలుసు తెంపడానికి మొదట వాడు ఒప్పుకోలేదు. అద్దె అంకె చెప్పాక ఒప్పుకున్నాడు. గల్లీలో ఇంటింటికీ వెళ్లి, ఇది నాటకమే, ఎవరూ అడ్డు రావద్దని ఆమె ముందే చెప్పి వచ్చింది.

సూర్యం వచ్చాడు, లాగాడు, పరుగెత్తాడు. హైమవతి అరిచింది. ఆ అరుపు విన్నాక ఎవరికీ ఏమీ గుర్తులేదు. ఖాజాభాయ్ బండి అడ్డం తోశాడు. మేడ మీద నుంచి ఎవరో బకెట్ నీళ్లు కుమ్మరించారు. అప్పుడే తగువాడి అలిసిపోయిన విఠల్ మాస్టారు సూర్యం చొక్కా పట్టుకుని వేలాడారు. రుక్కుబాయి గొడుగు తిరగేసి హెల్మెట్ మీద రెండు, హెల్మెట్ లేనిచోట నాలుగు వేసింది.

“నేను సూర్యాన్నండి బాబూ” అని వాడు లోపలినుంచి అంటున్నా హెల్మెట్‌లో మాట బయటికి రాలేదు.

పరాంకుశం గారి కళ్లు చెమ్మగిల్లాయి. తన సర్వీసులో ఇంత చక్కని పౌరస్పందన చూడలేదన్నారు. ఎ శ్రేణి పక్కన తన చేత్తో ప్లస్ గుర్తు పెట్టారు. ప్లస్‌కి అద్దె ఇంకొంచెం ఎక్కువ.

ఆ సాయంత్రం సూర్యం వీపుకి జండూబామ్ రాస్తూ హైమవతి ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

*

అయినా సంస్థ దయలేనిది కాదు. గల్లీవాళ్ల బాధ విని, ప్రమాదం కొరతగా ఉన్న ప్రాంతాలకు ప్రభుత్వమే ప్రమాదాన్ని సమకూర్చవచ్చునని పై అధికారులు నిబంధన సడలించారు. ప్రమాద సరఫరా విభాగం నుంచి ఒక నెలకు ప్రయోగాత్మకంగా ఒక దొంగను పంపారు. పేరు దయానిధి. పాతికేళ్లుంటాయి. మెడలో వేలాడే కార్డు మీద ‘అధీకృత చోరుడు (కాంట్రాక్టు)’ అని ఉంది. రాత పరీక్షలో మంచి ర్యాంకే వచ్చిందట గాని, ఇంటర్వ్యూలో ఏదీ దొంగిలించకుండా బయటికొచ్చినందుకు మార్కులు తగ్గాయట.

“డ్యూటీ పది నుంచి ఐదు దాకా అమ్మా” అన్నాడు హైమవతితో వినయంగా. “మధ్యలో లంచ్. దొంగతనం జరిగినాక మీరు సంతకం పెట్టాలి.”

“తప్పకుండా పెడతాను నాయనా. ఏం కావాలో తీసుకెళ్లు” అంది ఆమె.

పది నుంచి ఐదు దాకా గల్లీలో రుక్కుబాయి ఉంటుంది. దయానిధి ఏ గోడ ఎక్కినా “అది పాకుడు పట్టి ఉన్నది, ఇటునుంచి దిగు” అనేది. మధ్యాహ్నం పిలిచి అన్నం పెట్టేది. ఒకరోజు హైమవతి కావాలనే తలుపు బార్లా తీసి, మిక్సీని గడప మీద పెట్టి డ్యూటీకి వెళ్లింది. పక్కింటావిడ చూసి మిక్సీ లోపల పెట్టి తలుపేసింది. ఇంకోరోజు అలాగే పెడితే దయానిధి దాన్ని ఎత్తుకున్నాడు. ఎదురొచ్చిన విఠల్ మాస్టారు “రిపేరుకా? మంచి పని చేస్తున్నావు, దాని జారు ఊగుతున్నది” అని రెండో పక్క పట్టుకుని షాపు దాకా వెళ్లి, దగ్గరుండి బాగుచేయించి, డబ్బులు కూడా ఇచ్చి తిరిగి ఇంట్లో పెట్టించారు. దయానిధి సంతకం అడగడానికి మొహమాటపడ్డాడు.

నెలాఖరుకి వాడి కాంట్రాక్టు రద్దయింది. పోతూ పోతూ వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ‘శిక్షణ పొందిన చోరుడు సైతం విఫలమైన ప్రాంతము’ అని రిపోర్టు వచ్చింది. ప్లస్ పక్కన ఇంకో ప్లస్ చేరింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కొత్త అద్దె.

*

హైమవతి ఇళ్లు వెతకడం మొదలుపెట్టింది. తనకు అందే అద్దెలో దొరికేవన్నీ డి శ్రేణివే. ఒక బ్రోకర్ తీసుకెళ్లి చూపించిన ఇల్లు నిజానికి బాగానే ఉంది. గాలి వస్తుంది, నీళ్లున్నాయి. కిటికీలకు మాత్రం ఇనుప రేకులు కొట్టి ఉన్నాయి. ఆడపిల్ల ఉందని చెబితే ఇంటావిడ ప్రణతి ఫోటో అడిగి చూసి, తిరిగి ఇచ్చేసింది.

“ట్యూషన్ మాన్పించగలవా అమ్మా?” అంది గొంతు తగ్గించి.

హైమవతి అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి వచ్చింది. బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఆ ఇంటావిడ మీద కోపం రాలేదు. కనీసం నిజం చెప్పింది.

ఇంతలో గల్లీ ఖాళీ అవడం మొదలైంది. ముందు రుక్కుబాయి పై వాటావాళ్లు వెళ్లారు. తరవాత విఠల్ మాస్టారు తమ్ముడింటికి వెళ్లిపోయారు. పక్కింటావిడ సామాను ఆటోలో ఎక్కించుకుంటూ తులసి కుండీ హైమవతికి ఇచ్చింది. గిరాకీ పడిపోయి ఖాజాభాయ్ బండి వేరే రోడ్డుకి మార్చాడు. నాలుగిళ్లకు తాళాలు పడ్డాయి. కొత్త అద్దె కట్టగలిగినవాళ్లు ఇంకా ఎవరూ రాలేదు.

ఒక సాయంత్రం ప్రణతి ఇంటికొచ్చి పుస్తకాల సంచీ కింద పెట్టింది. తలుపు దగ్గరే నిలబడి గల్లీలోకి చూసింది.

“ఏమైందే?” అంది హైమవతి.

“ఏం లేదు. ఇవాళ దారిలో ఎవరూ ఏమీ అడగలేదమ్మా.”

హైమవతికి అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఈ గల్లీని కాపలా కాసింది ఏ పోలీసూ కాదు, దీపమూ కాదు. కట్టగలిగిన అద్దె వల్ల ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న మనుషులే కాపలా. ఆ ముక్క పట్టుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లి పరాంకుశం గారికి చెప్పింది. భద్రత చూసి అద్దె పెంచారు, అద్దె చూసి మనుషులు పోయారు, మనుషులతో పాటు భద్రతా పోయింది, కాబట్టి ఇప్పుడైనా తగ్గించండని.

ఆయన శ్రద్ధగా విన్నారు. “తమరి వాదనలో బలమున్నది. అయితే పునఃపరిశీలన మూడేళ్లకొకసారి.”

*

వారం తిరక్కుండా పరాంకుశం గారే గల్లీకి వచ్చారు. చంకలో ట్యాబ్ లేదు. జుట్టు దువ్వలేదు. వెంట ఆయన భార్య ఉంది. ఇద్దరూ రుక్కుబాయి అరుగు మీద కూర్చున్నారు. హైమవతి టీ తెచ్చింది.

“పైవాటా ఖాళీగా ఉన్నదని విన్నాను” అన్నారాయన నేల చూస్తూ.

సంగతి ఆయన భార్యే చెప్పింది. వాళ్లుండేది ఎ శ్రేణి అపార్ట్‌మెంటులో. గేటు, కెమెరాలు, అడుగడుగునా సెక్యూరిటీ. మొన్న వాళ్లు పెళ్లికి వెళ్లినప్పుడు పట్టపగలు ఎవరో వచ్చి ఇల్లు ఊడ్చుకుపోయారు.

“ఎదురు ఫ్లాటాయన లిఫ్టు తలుపు పట్టుకున్నాడటండి, వాళ్లు మా ఫ్రిజ్ దించుతుంటే. ఇల్లు మారుతున్నామనుకున్నాడట. సెక్యూరిటీవాడు సెల్యూట్ కొట్టి గేటు తీశాడు.”

“కెమెరాలో అంతా స్పష్టంగా పడింది” అన్నారు పరాంకుశం గారు. “వాళ్లెవరో అక్కడ ఎవరికీ తెలియదు. అందులో నన్ను చూపిస్తే, నేనెవరో కూడా ఎవరికీ తెలియదు.”

“పోలీసులకి చెప్పలేదాండి?”

“అసోసియేషన్ ఒప్పుకోలేదు. కేసు పెడితే శ్రేణి తగ్గును, ఓనర్లకు అద్దె పడిపోవును.” టీ గ్లాసు కింద పెట్టారు. “నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను.”

రుక్కుబాయి ఆయన ముఖం చూసి జాలిపడింది. “ఉండు సారూ. రెండు గదులు, గాలొస్తది. నాకేం ఇబ్బంది లేదు.”

“అద్దె ఎంతమ్మా?”

“మీరే రాసిన్రు గదా సారూ.”

పరాంకుశం గారు తాను రాసిన రెండు ప్లస్‌ల అంకెను మనసులో తలుచుకున్నారు. ఆ అంకె తన జీతం పక్కన నిలబెట్టి చూసుకున్నారు. టీ చల్లారిపోయింది. ఆయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. హైమవతికి ఆ సమయంలో సంతోషం కలగాలి. ఆశ్చర్యంగా అది కలగలేదు. ఈ ముఖం తనకు తెలుసు. కొన్ని వారాలుగా అద్దంలో చూసుకుంటున్న ముఖమే.

“సార్, వీధి డి శ్రేణికి రావాలంటే దొంగతనమే జరగాలాండి? ఇంకో దారి లేదా?” అంది.

ఆయన కళ్లు మూసుకుని అప్పజెప్పారు. “నివాసి మనశ్శాంతికి, ఆస్తికి, స్థిరనివాసమునకు ఎడతెగని ముప్పు కలిగించు వ్యక్తి వీధిలో కాపురమున్నచో, సదరు వీధి డి శ్రేణిగా పరిగణింపబడును. రౌడీషీటరు, పాత నేరస్తుడు వగైరా.”

“వగైరాలో మీరు రారాండి?”

పరాంకుశం గారు కళ్లు తెరిచారు. ఆయనకు కోపం వస్తుందనుకుంది హైమవతి. కాని నిబంధన గురించిన ప్రశ్న ఎవరడిగినా ఆయనకు గౌరవమే. వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కా తన మీద పెట్టి కొలుచుకున్నారు.

“తమరు నన్ను చూసి భయపడినారా?” అన్నారు, కాగితం కోసం జేబులు తడుముకుంటూ.

“చాలా రాత్రులు నిద్రపోలేదండి” అంది ఆమె. అది నిజమే.

“ఆస్తికి?”

“మావారి వీపు చూపించమంటారా?”

ఆయన అక్కరలేదన్నారు. తనను తానే ప్రమాదంగా ప్రతిపాదిస్తూ అక్కడే నివేదిక రాశారు. తన సర్వీసులో రాసినవాటిలో అంత నిష్పక్షపాతమైనది లేదని తరవాత భార్యతో అన్నారట.

విచారణకు పైనుంచి ఒక డిప్యూటీ డైరెక్టరు వచ్చాడు. అప్పటికే పైవాటాలో దిగిన పరాంకుశం గారు దాని మెట్ల మీద, విచారణకు అందుబాటులో, చేతులు కట్టుకుని కూర్చున్నారు. డిప్యూటీ డైరెక్టరుకి సందేహం తీరలేదు.

“ఈయన మా శాఖ ఉద్యోగి. ఈయన వల్ల ముప్పేమిటమ్మా?” అని రుక్కుబాయిని అడిగాడు.

“దొంగ నెల రోజులున్నడు సారూ, ఒక్క చెంచా పోలే” అంది రుక్కుబాయి. “ఈ సారు రెండుమాట్లు వచ్చి పోయిండు, నాలుగు ఇండ్లు ఖాళీ అయినయి.”

డిప్యూటీ డైరెక్టరు తాళాలు పడ్డ ఇళ్లను తనే వెళ్లి చూసుకుని వచ్చాడు. తరవాత నివేదిక మీద సంతకం పెట్టాడు.

ఐదో గల్లీ డి శ్రేణి అయింది. పాత అద్దెలు మళ్లీ సక్రమమయ్యాయి. షరతు ఒకటే, ప్రమాదం గల్లీ వదిలి వెళ్లకూడదు, ఏటా ఒకసారి తనిఖీకి హాజరు కావాలి. విఠల్ మాస్టారు తమ్ముడితో పొసగక మొదటి వారంలోనే వచ్చేశారు. ఖాజాభాయ్ బండి వచ్చింది. పక్కింటావిడ మాత్రం రాలేదు. పిల్లల్ని అక్కడి బడిలో వేసేసిందట. ఆ ఇంట్లో ఎవరో కొత్తవాళ్లు దిగారు, వాళ్లతో ఇంకా పరిచయం పెరగాలి.

మొదటి వార్షిక తనిఖీ నాడు పరాంకుశం గారు పొద్దున్నే హైమవతి వాకిట్లోకి వచ్చారు. అప్పటికి ఆయన సాయంత్రాలు ప్రణతికి లెక్కలు చెబుతున్నారు. ఆయన భార్య చేసిన గోంగూర పచ్చడి హైమవతి వంటింట్లో ఉంది.

“తనిఖీ అధికారి తమరినే అడుగుతారమ్మా, నన్ను చూస్తే ఇంకా భయమున్నదా అని” అన్నారు గొంతు తగ్గించి. “కొంచెం భయపడండి. మా ఆవిడకు ఈ ఇల్లు బాగా నచ్చింది.”

తనిఖీకి వచ్చింది ఒక కుర్ర ఆఫీసరమ్మ. పరాంకుశం గారిని వాకిట్లో నిలబెట్టి, హైమవతిని ఎదురుగా రమ్మంది. పరాంకుశం గారు తనకు చేతనైనంత క్రూరంగా చూశారు. కనుబొమలు పైకి పోయాయి, మూతి పక్కకు పోయింది. హైమవతి భయపడదామని మనస్ఫూర్తిగా ప్రయత్నించింది. రెండు క్షణాలు ఆపుకుంది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. భుజాలు కదిలిపోతున్నాయి.

ఆఫీసరమ్మ ఆమె వీపు కేసి జాలిగా చూసి రాసుకుంది. “భయము తీవ్రముగా ఉన్నది. మాట రాలేదు.”